నేను తెచ్చిపెట్టిన బూచోడు

నేను రెండు ఉద్యోగాల నుంచి రిటైరయ్యాను. మొదటిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. దాని గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి జీతం తీసుకున్నాను. ఒక రోజు వాళ్ళు ఆ జీతం ఇవ్వడం మానేశారు. రెండోది అమెరికాలో మోరిస్‌విల్ అనే ఊళ్ళో ఒక చిన్నపిల్లల స్కూల్లో అసిస్టెంట్ టీచర్ ఉద్యోగం. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను. పొద్దున్నే పిల్లని కార్ సీటులోంచి దించి, ఏడుస్తున్నా వదిలేసి, మీటింగ్‌కి టైమైపోతోందని పరిగెత్తే వయసువాళ్ళు దీన్ని చదవాలని నా కోరిక. మీరు వెళ్ళాక లోపల ఏం జరుగుతుందో మీకు కనిపించదు. నాలాంటి వాళ్ళని నమ్మి వెళతారు.

ఆ ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "మన వాడికి ఒక్కసారి డైపర్ మార్చలేదు. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ పిల్లలకి మారుస్తారట," అంది. మార్చాను. మొదటి వారం తలకిందులుగా కూడా మార్చాను.

తరవాత నన్ను మూడేళ్ళవాళ్ళ గదిలో వేశారు. సగంమంది తెలుగువాళ్ళ పిల్లలు. వాళ్ళు నన్ను తాత అంటే మిగతావాళ్ళూ తాత అనేశారు. ఒక అమెరికన్ తండ్రి అదే నా పేరనుకుని చాలాకాలం "గుడ్ మార్నింగ్, మిస్టర్ తాతా" అని ఎంతో మర్యాదగా పలకరించేవాడు. నేనూ దిద్దలేదు.

గదికి పెద్ద మా లీడ్ టీచర్. అక్కడే పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి. దాదాపు నా వయసే. గదికి ఈ చివర నవ్వితే ఆ చివర బొమ్మలు కదిలేవి. నాకు పని నేర్పింది ఆవిడే. కిందికి వంగి కాదు, కింద కూర్చుని మాట్లాడమనేది. నేలమీద కూర్చుని లేవడం ఆ వయసులో నాకు ఎంత కష్టమో ఆవిడకీ అంతే కష్టం. ఒకరి చెయ్యి పట్టుకుని ఒకరం లేచేవాళ్ళం.

ఆ ఉద్యోగంలో అన్నిటికన్నా గడ్డు సమయం మధ్యాహ్న నిద్ర. భోజనాలయ్యాక చాపలు పరిచి, లైట్లు తగ్గించి, పిల్లల్ని పడుకోబెట్టాలి. ఒక పాప ఉండేది. మూడున్నరేళ్ళు ఉంటాయేమో. పడుకున్న కాసేపటికే లేచి, బాత్రూంకి వెళ్ళాలని, "పాటీ" అనేది. పెద్దవాళ్ళెవరూ కాదనలేని మాట అదొక్కటే అని ఆ వయసు పిల్లలందరికీ తెలుసు. మా గదిలోనే ఒక మూల బాత్రూం ఉండేది. వెళ్ళేది, మోచేతుల దాకా నీళ్ళు కార్చుకుంటూ చేతులు కడుక్కునేది, వచ్చి పడుకునేది, మళ్ళీ లేచేది. ఆ అలికిడికి మిగతావాళ్ళు లేచేవాళ్ళు. లీడ్ టీచర్ భోజనానికి వెళ్ళే సమయం అది. గదిలో నేనూ, పన్నెండుమంది పిల్లలూ.

ఒక రోజు ఆ పాప చాప పక్కన కూర్చుని, చెవి దగ్గర మెల్లిగా చెప్పాను. "పడుకో. లేస్తే అక్కడ బూచోడున్నాడు." బాత్రూం వైపు వేలు చూపించాను.

నాకు మా అమ్మ చెప్పింది. మా అబ్బాయికి నేను చెప్పాను. అన్నం తినకపోతే బూచోడు, పడుకోకపోతే బూచోడు. ఏ ఆలోచనా లేకుండా నోట్లోంచి వచ్చిన మాట. పాప కళ్ళు గట్టిగా మూసుకుంది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. మర్నాడు కూడా పనిచేసింది. వారం తిరిగేసరికి గదంతా నిశ్శబ్దం.

లీడ్ టీచర్ తిరిగొచ్చి ఆశ్చర్యపోయింది. పడుకున్న పిల్లల మధ్య మునివేళ్ళమీద నడుస్తూ నా దగ్గరికి వచ్చి, వాళ్ళకి ఏం చెబుతావని అడిగింది. మా భాషలో ఒక జోలపాట లాంటిదని చెప్పాను. నీ గొంతులో ఏదో ఉంది, నేను ఇన్నేళ్ళుగా చేస్తున్నా నావల్ల కాలేదు అంది. ఆ మెచ్చుకోలు తీసుకుని ఇంటికి వెళ్ళాను. మా ఆవిడకి కూడా చెప్పుకున్నాను.

అక్టోబరులో హాలోవీన్ పార్టీ పని నాకు అప్పగించారు. పిల్లలు వేషాలు వేసుకుని, తలుపులు తట్టి చాక్లెట్లు అడిగే పండగ అది. అంతకు ముందు ఏడాది పార్టీకి ఒక తండ్రి గాలి నింపిన డైనోసార్ వేషంలో వచ్చాడు. నవ్వుమొహం డైనోసారే, పాపం. పిల్లలంతా ఒక్కసారిగా ఏడుపందుకున్నారు. అందరికన్నా గట్టిగా ఏడ్చింది ఆయన కొడుకే. లోపల ఉన్నది నేనేనని ఆయన చెబుతున్నకొద్దీ, గొంతు నాన్నది మూతి మృగానిది కావడంతో వాడు మరీ హడలిపోయాడు. ఈసారి ఒక్క పిల్ల కూడా భయపడకూడదు, నువ్వు టెస్టింగ్ మనిషివి కదా, చూసుకో అంది లీడ్ టీచర్.

చూసుకున్నాను. పిల్లల ఎత్తు నుంచి గది ఎలా కనిపిస్తుందో తెలుసుకోవాలని మోకాళ్ళమీద పాకాను. పాకితే గానీ తెలియలేదు: మనకు మామూలు బల్ల, వాళ్ళకు చీకటి గుహ. మనం పైన కట్టిన రంగు కాగితాల నీడలు వాళ్ళ పాదాల దగ్గర పాకుతుంటాయి. ఎవరూ మొహం కప్పుకోకూడదన్నాను. వేషం ఏదైనా బాత్రూంకి వెళ్ళడానికి వీలుగా ఉండాలన్నాను. గుమ్మడికాయల్ని కోసి నోళ్ళు పెట్టకుండా రంగులు వేయిద్దామన్నాను. పార్టీ పట్టపగలు. కొందరికి అలర్జీలుంటాయి కాబట్టి చాక్లెట్ల బదులు స్టికర్లు. పిల్లలు బిల్డింగులో గది గదికీ వెళ్ళి తలుపు కొడతారు. తెలిసిన మొహమే తలుపు తీసి స్టికర్ ఇస్తుంది. తలుపు వెనక ఎవరుంటారో ముందురోజే చూపించాలి. తెలుగు తల్లులు సంతోషించారు. కృష్ణాష్టమికి కొన్న చిన్నికృష్ణుడి డ్రెస్ ఇంకా సరిపోతోందట. నా ఏర్పాట్లు విని స్కూలు డైరెక్టర్, ఇంతకీ మనం చంద్రుడి మీదికి వెళ్ళడం లేదు కదా అని నవ్వింది.

ఆ రోజుల్లోనే ఆ పాప బట్టలు తడుపుకోవడం మొదలుపెట్టింది.

వేసవికి ముందే సొంతంగా బాత్రూంకి వెళ్ళడం అలవాటైన పిల్ల. ఇప్పుడు పాటీ అనడమే మానేసింది. పొద్దున్న నుంచి బిగబట్టుకుని, కాళ్ళు మెలిపెట్టుకుని, చివరికి నిలబడ్డచోటే అయిపోయేది. తరవాత తలదించుకుని తన షూస్ చూసుకునేది. మా గదిలో ఉండాలంటే పిల్లలు సొంతంగా వెళ్ళగలగాలి; అది స్కూలు నియమం. డైపర్లు వేసుకునే పిల్లల గదిలో ఖాళీ లేదు. నెలాఖరుదాకా చూద్దాం, మారకపోతే కొన్నాళ్ళు ఇంట్లో ఉంచుకోవాలని డైరెక్టర్ వాళ్ళమ్మకి చెప్పింది. ఆ అమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. భర్త వేరే రాష్ట్రంలో, ఫ్రిస్కోలో పనిచేస్తూ రెండు వారాలకోసారి వచ్చేవాడు. పిల్లని ఇంట్లో ఉంచితే ఉద్యోగం ఉండదు.

అలంకరణలు చూసి భయపడుతోందేమోనని లీడ్ టీచర్‌కి అనుమానం. బాత్రూం పక్క గోడమీద పిల్లలు నల్లకాగితంతో చేసిన గబ్బిలాలు అంటించి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. పాప చేసింది తీసేసరికి పాప ఏడ్చింది. లీడ్ టీచర్ కింద కూర్చుని, ఇది నిన్ను భయపెడుతోందా అని అడిగింది. పాప నావైపు తిరిగింది.

"బ్యాట్ అంటే భయం లేదు తాత. బూచోడంటే భయం. నువ్వు చెప్పావ్ కదా."

"ఏమంటోంది?" అని లీడ్ టీచర్ నన్ను అడిగింది.

"తన గబ్బిలం తనకి కావాలట," అన్నాను.

పూర్తిగా అబద్ధం కాదు. అబద్ధాల్లో అన్నిటికన్నా నీచమైన రకం అదే. లీడ్ టీచర్ గబ్బిలాన్ని పాప చేతికిచ్చింది. పాప దాన్ని పట్టుకుని నన్నే చూస్తోంది. తను చెప్పింది నేను చెప్పలేదని ఆ వయసుకి తెలుస్తుందా? తెలిసిందనే ఈనాటికీ అనుకుంటున్నాను.

మర్నాడు సాయంత్రం పార్కింగ్‌లో వాళ్ళమ్మ నన్ను ఆపింది. "అంకుల్, ఒక్క నిమిషం. ఇంట్లో అసలు ప్రాబ్లమే లేదు. ఇక్కడే అవుతోంది. మీరు కాస్త తెలుగులో కనుక్కోరా? మీ మాట వింటుంది. మీరున్నారనే కదా దీన్ని ఇక్కడ జాయిన్ చేశాను."

సరేనమ్మా అన్నాను. కార్లో కూర్చుని, ఆ అమ్మాయి కారు వెళ్ళిపోయేదాకా చూశాను. ముప్ఫై ఏళ్ళు ఎవరి తప్పు ఎక్కడుందో వెతికి వాళ్ళ పేరుతో సహా రాసినవాణ్ణి. ఒక్కసారి కూడా అటువైపు నిలబడలేదు.

మర్నాడు పిల్లలు రాకముందే లీడ్ టీచర్‌కి చెప్పాను. గుమ్మడికాయలకి రంగులు కలుపుతోంది. విన్నంతసేపూ కుంచె ఆపలేదు.

"మొన్న పాప చెప్పింది ఇదేనా?"

"ఇదే."

"నాకు గబ్బిలం అని చెప్పావు."

"అవును."

కుంచె కింద పెట్టింది. "మా అమ్మమ్మ కూడా మెట్ల కింద ఒకణ్ణి పెట్టింది. నేను బతికే ఉన్నాను. దానికి నిన్ను ఏమీ అనను. కానీ ఈ గదిలో ఆ పిల్ల మాట నా దాకా తేగలిగింది నువ్వొక్కడివే. ఆ పిల్ల అడిగింది సాయం. నువ్వు దాన్ని దారిలో పారేశావు." కొంచెం ఆగి, డైరెక్టర్‌కీ తల్లికీ నువ్వే చెప్పాలి, నేను చెప్పను అంది.

డైరెక్టర్ నవ్వలేదు. నా ఫైల్లో రాసింది. ఇక మీదట నిద్ర సమయంలో నన్ను ఒంటరిగా ఉంచకూడదంది. తప్పు స్కూలుది కాబట్టి పాపకు పెట్టిన నెలాఖరు గడువు తీసేసింది. అదొక్కటే నాకు ఊరట.

తల్లికి చెప్పడం అన్నిటికన్నా కష్టం. ఇంట్లో పిల్ల ఆ పేరే ఎత్తలేదట. బూచోడు ఉండేది స్కూల్లో కదా, ఇంటికెందుకు తెస్తుంది? ఆ అమ్మాయి మొత్తం వింది. తరవాత, "మా ఇంట్లో ఆ మాట వాడమండీ," అంది. "చిన్నప్పుడు నాకు చెప్పేవాళ్ళు. పదేళ్ళొచ్చేదాకా వెనక గదిలోకి ఒంటరిగా వెళ్ళలేదు. అందుకే మా అత్తయ్యగారిని కూడా అననివ్వను." పాపకి స్ట్రాబెరీ డ్రెస్ కొన్నాననీ, రోజూ దాన్నే కలవరిస్తోందనీ, పార్టీదాకా ఉంచి ఆ తరవాత వేరే స్కూలు చూసుకుంటాననీ చెప్పింది. వేరే చోట్ల ఎంత పొడుగు వెయిటింగ్ లిస్టులుంటాయో ఇద్దరికీ తెలుసు. క్షమించమని అడిగాను. తల ఊపింది. అంకుల్ అనలేదు.

మిగిలిన రోజుల్లో నా బూచోణ్ణి నేనే తరిమేయాలని చూశాను. బూచోడు లేడమ్మా, తాత ఉత్తినే చెప్పాడు అన్నాను. పాప నన్ను జాలిగా చూసి, "నీకు కనపడడు తాత," అంది. టార్చిలైటు తెచ్చి, లీడ్ టీచర్‌ని తోడు తీసుకుని, బాత్రూంలో మూలమూలా చూపించాను. గడప దగ్గరే నిలబడి చూసింది. "నువ్వొచ్చావ్ కదా. దాక్కున్నాడు."

తప్పు ఉందని చూపించవచ్చు గానీ, లేదని ఎవడూ నిరూపించలేడు. ఇది మా టెస్టింగ్‌లో మొదటి పాఠం. నేను ఒక్క మాట అన్నాను, అంతే. ఆకారం లేదు, రంగు లేదు. ఆ ఒక్క మాట తీసుకుని ఆ పిల్ల వాడికి ఒక ఇల్లు కట్టింది, అలవాట్లు పెట్టింది, దాక్కునే తెలివి ఇచ్చింది. నేను రెండేళ్ళు కూర్చున్నా అంత గట్టి మనిషిని తయారుచేయలేను. ఆ పిల్ల తలలో ఏముందో అని మొదటిసారి నాకు భయంలాంటి గౌరవం కలిగింది.

పార్టీ రోజు వచ్చింది. కిటికీల నిండా ఎండ. ముగ్గురు కృష్ణులు, ఒక ఫైరింజన్, ఒక ఆవు, రెక్కలు ఊడిపోతున్న ఒక సీతాకోకచిలుక, ఒక స్ట్రాబెరీ. తల్లిదండ్రులు కొందరు, ఇద్దరు ముగ్గురు అమ్మమ్మలు వచ్చారు. ఎవరూ మొహం కప్పుకోలేదు. పిల్లలు తాడు పట్టుకుని వరసగా బయలుదేరారు.

మొదటి తలుపు దగ్గర అందరూ నా వెనక నక్కారు. తట్టాను. స్కూలు వంటావిడ తలుపు తీసి స్టికర్లు ఇచ్చింది. రెండో తలుపు ఆవు తట్టింది. మూడోదానికల్లా తోపులాట, నేనంటే నేనని. మూసి ఉన్న తలుపు దగ్గర నిలబడి, తట్టి, లోపల అడుగుల చప్పుడు వింటున్నప్పుడు ఆ మొహాలు మీరు చూడాలి. ముందురోజే చూపించాం ఎవరుంటారో. అయినా తెరుచుకున్న ప్రతిసారీ ప్రపంచం ఇప్పుడే తయారైనట్టు చూశారు. మనం ఎన్ని తలుపులు తోసుకుని వెళ్ళిపోయామో కదా అనిపించింది.

తిరిగి మా గదికి వచ్చేసరికి బల్లలమీద పళ్ళముక్కలూ, బిస్కెట్లూ సర్ది ఉన్నాయి. బాత్రూం తలుపు మూసి ఉంది. ఆ తలుపు ఎప్పుడూ తీసే ఉంచాలని మా నియమం. పిల్లలు కనపడుతూ ఉండాలి. ఒక కృష్ణుడి అమ్మమ్మ వేసేసిందట. "తినేచోట బాత్రూం తలుపు బార్లా తీసి పెట్టుకోవడమేమిటమ్మా," అని పక్కావిడతో అంటోంది. పిల్లల ఎత్తు నుంచి గదంతా చూసి, అమ్మమ్మల అలవాటు చూసుకోలేదు నేను.

తీద్దామని వెళ్ళబోయాను. అప్పటికే స్ట్రాబెరీ ఆ తలుపు ముందు నిలబడి ఉంది. వాళ్ళమ్మ గోడ దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేసింది. లీడ్ టీచర్ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

పాప నన్ను చూసింది. "తాత, బూచోడికి ఎవరిచ్చారు?"

"ఏంటమ్మా?"

"స్టికర్."

బూచోడు లేడు అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఒకసారి ఆ పిల్ల మాటని దారిలో పారేశాను. "ఎవరూ ఇవ్వలేదమ్మా," అన్నాను. "వాణ్ణి ఎవరూ పిలవలేదు."

అది విని పాప మొహం మారింది. భయం కాదు. ఎవరికో అన్యాయం జరిగిందని తెలిసినప్పటి మొహం. తన డ్రెస్‌కి అంటించుకున్న స్టికర్లు ఒక్కొక్కటే చూసుకుంది. నవ్వుతున్న గుమ్మడికాయని గోటితో గీకి ఊడదీసింది. తలుపు తట్టింది.

పిల్లలంతా పాప వెనకే నిలబడి ఉన్నారు. ఒక్కరూ కదలలేదు. మూడేళ్ళవాళ్ళు పన్నెండుమంది ఒకేసారి ఊపిరి బిగబట్టడం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. పెద్దవాళ్ళం కూడా ఆ తలుపు వైపే చూస్తున్నాం. ఒట్టేసి చెబుతున్నాను, లోపలి నుంచి ఎవరో తీస్తారేమోనని నేనూ ఎదురుచూశాను.

పాప రెండు చేతులతో గుబ్బ తిప్పి లోపలికి వెళ్ళింది. లీడ్ టీచర్ చప్పుడు చేయకుండా వెళ్ళి తలుపు వారగా పట్టుకుని, తల మాత్రం మావైపు తిప్పుకుని నిలబడింది. లోపల పాప ఎవరితోనో మాట్లాడుతోంది. మాకు ముక్కలు ముక్కలుగా వినపడింది. "నీకు డ్రెస్ లేదా?" అని అడిగింది. "మీ మమ్మీ ఆఫీస్‌కి వెళ్ళిందా?" అని అడిగింది. జవాబు కోసం ఆగింది. కాసేపటికి ఫ్లష్ చప్పుడు. కుళాయి చప్పుడు. చేతులు కడుక్కునేటప్పుడు లీడ్ టీచర్ నేర్పిన పాట, మొదటి నుంచి చివరిదాకా.

వాళ్ళమ్మ మొహం రెండు చేతులతో కప్పుకుంది.

పాప బయటికి వచ్చింది. మోచేతుల దాకా తడి. పిల్లలంతా చుట్టూ మూగారు. ఉన్నాడా అని ఫైరింజన్ ఇంగ్లీషులో అడిగాడు. పాప పెదవులమీద వేలు పెట్టుకుంది. నావైపు చూసి మెల్లిగా చెప్పింది.

"పడుకున్నాడు తాత. లేపకు."

ఆ తరవాత పార్టీ అంతా గుసగుసల్లోనే జరిగింది. పిల్లలు మునివేళ్ళమీద నడిచారు. ఒక్కొక్కరే వెళ్ళి బాత్రూంలోకి తొంగిచూసి వచ్చారు. చాలా చిన్నగా ఉన్నాడని ఆవు చెప్పింది. మొహాన స్టికర్ ఉందని ఒక కృష్ణుడు. తలుపు వేసిన అమ్మమ్మ కూడా గొంతు తగ్గించింది. వాణ్ణి ఏ పెద్దవాళ్ళూ తరిమేయలేదు. ఆ పిల్ల వాడి దగ్గరికి వెళ్ళి, వాళ్ళమ్మ ఎక్కడుందో కనుక్కుని, పడుకోబెట్టి వచ్చింది. నేను తనకి చేయవలసిన పని అది.

ఆ పాప మా స్కూల్లోనే ఉండిపోయింది. వాళ్ళమ్మ వేరే చోటు వెతకలేదు. నేను ఉన్నన్నాళ్ళూ నన్ను పలకరించేది, నవ్వేది కూడా. అంకుల్ అని మాత్రం మళ్ళీ పిలవలేదు. అది ఆమె ఇష్టం. పోగొట్టుకున్నది నేను కాబట్టి అడిగే హక్కు నాకు లేదు. నా ఫైల్లో డైరెక్టర్ రాసింది కూడా అలాగే ఉంది. ఉండాలి.

ఆ సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక గది శుభ్రం చేయడం నా వంతు. బల్లలు తుడిచాను. నేలమీద రాలిన బిస్కెట్ పొడి ఊడ్చాను. చివరికి బాత్రూం మిగిలింది. తలుపు వారగా వేసి ఉంది. లోపల ఎవరూ లేరని నాకు తెలుసు. బకెట్టు కింద పెట్టి, మెల్లిగా తట్టి, కాసేపు ఆగి, అప్పుడు లోపలికి వెళ్ళాను.